రాత్రి పడుకుంటోందా అని అడక్కండి

(చంటిపిల్లల తల్లులు, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం పెట్టిన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరునే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఆ మూడో వరసలో అమ్మా, లేవకండి, కూర్చోండి. పాప ఏడిస్తే ఏడవనివ్వండి. చంటిపిల్లల తల్లుల మీటింగులో కూడా చంటిపిల్ల ఏడవకూడదంటే ఇంకెక్కడ ఏడుస్తుంది? పాలు పట్టాలంటే ఇక్కడే పట్టండి. ఎవరూ ఏమీ అనుకోరు, అనుకుంటే వాళ్ళు పొరపాటున ఈ హాల్లోకి వచ్చినట్టు. (నవ్వులు)

నేను డాక్టర్ని కాను, ముందే చెప్పేస్తున్నా. ఇద్దరు పిల్లల తల్లిని. ఇద్దరికీ రెండేళ్ళు తేడా. పెద్దది మూడేళ్ళు నిండేదాకా తాగింది, చిన్నవాడు రెండున్నరేళ్ళు తాగాడు. అంటే మధ్యలో ఒక ఏడాది ఇద్దరూ కలిసే తాగారు. ఆ తర్వాత, పాలిచ్చే తల్లులకు సాయం చేసే శిక్షణ తీసుకుని ఎనిమిదేళ్ళుగా అదే పనిలో ఉన్నాను. కాబట్టి ఇప్పుడు నేను చెప్పేదాంట్లో కొంత పుస్తకాల్లోది, కొంత తెల్లవారుజామున మూడింటికి నేర్చుకున్నది.

బిడ్డ పుట్టిందంటే చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఒకటుంది. "రాత్రి పడుకుంటోందా?" నేను మొదట్లో నిజమే చెప్పేదాన్ని. "లేదండీ, నాలుగైదుసార్లు లేస్తుంది" అని. చెప్పడం ఆలస్యం, సలహాలు మొదలు. పాలు చాలడం లేదేమో, పాలు పల్చగా ఉన్నాయేమో, ఎత్తుకుని అలవాటు చేశావు, చన్ను నోట్లో పెట్టి పడుకోబెడతావా, అదే తప్పు. పది రోజులు విన్నాక ఇక అబద్ధం చెప్పడం మొదలుపెట్టాను. "ఆ, హాయిగా పడుకుంటుంది" అని. ఎంత ప్రశాంతంగా ఉందో అప్పుడు!

ఈ "రాత్రంతా పడుకోవడం" అనే మాట సంగతి కొంచెం చూద్దాం. మూర్, ఉకో అని ఇద్దరు పరిశోధకులు 1957లో పసిపిల్లలు రాత్రిళ్ళు లేవడం మీద ఒక అధ్యయనం అచ్చువేశారు. అందులో రాత్రి కుదురుకోవడం అంటే ఏమిటని లెక్కపెట్టుకున్నారో తెలుసా? అర్ధరాత్రి 12 నుంచి 5 దాకా. అయిదు గంటలు! మన ఇళ్ళలో రాత్రంతా అంటే తొమ్మిది నుంచి ఆరు అనుకుంటాం. అలా అనుకుని, అయిదు గంటలు పడుకున్న పిల్లను పట్టుకుని "ఇది పడుకోదు" అంటాం. 2018లో కెనడాలో ఇంకో అధ్యయనం వచ్చింది. ఆరు నెలల పిల్లల్లో 38 శాతం మంది వరసగా ఆరు గంటలు కూడా పడుకోవడం లేదని తేలింది. ఏడాది పిల్లల్లో కూడా 28 శాతం మంది అంతే. ఆ పిల్లల ఎదుగుదలలో తేడా ఏమైనా ఉందా అని చూశారు, కనబడలేదు. అంటే పదిమంది పిల్లల్ని వరసగా కూర్చోబెడితే, ఆరు నెలలప్పుడు దాదాపు నలుగురు మీ పిల్లలాగే ఉంటారు. వాళ్ళ తల్లులు కూడా నాలాగే అబద్ధం చెప్తుంటారు.

అసలు ఎందుకు లేస్తారు? పెద్దవాళ్ళకు నిద్ర ఒక చుట్టు తిరగడానికి గంటన్నర పడుతుంది. అప్పుడే పుట్టిన పిల్లకు యాభై నిమిషాలే. అందులోనూ సగం భాగం కదిలే నిద్ర. కనురెప్పల కింద గుడ్లు కదులుతాయి, మూతి చప్పరిస్తుంది, నవ్వుతుంది, ఉలిక్కిపడుతుంది, మూలుగుతుంది. ఈ కనుగుడ్ల కదలికను శాస్త్రంలోకి తెచ్చింది అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు, 1953లో. అసెరిన్‌స్కీ అప్పటికి ఇంకా విద్యార్థే. నిద్రపోతున్న పసిపిల్లల రెప్పల్ని గంటలకొద్దీ చూస్తూ కూర్చోవడంతోనే ఆయన పని మొదలైంది. ఆ సంగతి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నిద్రపోయే పిల్ల ముఖం గంటలకొద్దీ చూడటం నాకూ వచ్చు. నాకెవరూ డిగ్రీ ఇవ్వలేదు. (నవ్వులు)

ఇది తెలియకే నేను మూడు నెలలు తల బాదుకున్నాను. పాలు తాగుతూ పిల్ల కళ్ళు మూస్తుంది. పడుకుందనుకుని మెల్లగా పక్క మీద పెడతాను. వీపు పక్కకు తగిలీ తగలగానే రెండు చేతులూ బార్లా చాపి కళ్ళు తెరుస్తుంది. మళ్ళీ ఒళ్ళోకి. ఒక రాత్రి ఇలా ఏడుసార్లు. కదిలే నిద్రలో ఉన్నప్పుడు పక్క మీద వేస్తున్నానని నాకు తెలీదు. తర్వాత కనిపెట్టిన ఉపాయం ఇది: ముఖం చూడొద్దు, చెయ్యి చూడండి. పిల్ల తాగుతున్నంతసేపూ పిడికిలి బిగించి ఉంటుంది. నిద్ర ముదిరేకొద్దీ పిడికిలి విచ్చుకుంటుంది. ఆ చేతిని కాస్త ఎత్తి వదిలితే తడిబట్టలా జారి పడాలి. అప్పటిదాకా కదలకండి. చన్ను వదిలించాలంటే లాగొద్దు, మొన పుండవుతుంది. చిటికెన వేలు పెదవి మూలగా లోపలికి పెడితే ఆ బిగువు 'టప్'మని వదులుతుంది. పక్క మీద ముందు కాళ్ళు, తర్వాత నడుము, ఆఖరున తల. తల కింద నుంచి చెయ్యి తీయడం పెద్ద విద్య. నా చెయ్యి అప్పటికే తిమ్మిరెక్కి నాది కానట్టు ఉండేది. కుడిచేత్తో ఎడమచేతిని పట్టుకుని బయటికి లాక్కునేదాన్ని.

ఇక పాల లెక్క. మొదటి వారాల్లో పిల్ల రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. పదిసార్లు అనుకుందాం. తాగడం, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడం, గుడ్డ మార్చడం, నిద్రపుచ్చడం కలిపి ఒక్కోసారికి నలభై నిమిషాలు. మొత్తం నాలుగొందల నిమిషాలు, ఆరు గంటల నలభై నిమిషాలు. వారానికి నలభై ఆరు గంటల పైమాటే. ఆదివారం సెలవు లేదు. ఇంత పని చేస్తున్న మనిషిని "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా" అని ఎవరైనా అంటే, ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

రాత్రి పాలు మాన్పిస్తే హాయి అని చాలామంది తొందరపడతారు. మొదటి నెలల్లో తొందర వద్దనడానికి కారణం ఉంది. పాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోను పగటికంటే రాత్రి ఎక్కువ ఉంటుంది. రొమ్ము నిండిపోయి అలాగే ఉంటే ఇక తయారీ తగ్గించమని లోపల సంకేతం వెళ్తుంది. ఖాళీ అయ్యేకొద్దీ పాలు వేగంగా ఊరతాయి. చాలామంది ఇది తలకిందులుగా నమ్ముతారు, నాలుగు గంటలు ఆపితే పాలు 'పోగవుతాయి' అని. నాలుగు రోజులు అలా ఆపి చూస్తే పాలు తగ్గుతాయి. ఇంకో సంగతి. రాత్రి పాలల్లో మెలటోనిన్ ఉంటుంది, అది నిద్రను సర్దే హార్మోను. పగటి పాలల్లో దాదాపు ఉండదు. పిల్లకు సొంతంగా పగలూ రాత్రీ తేడా తెలిసేది రెండు మూడు నెలలు దాటాకే. అందాకా ఆ కబురు తల్లిపాలల్లోంచి కూడా అందుతుంది. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు పాలు తీసి పెట్టేటప్పుడు సీసా మీద తేదీతో పాటు పగలా రాత్రా అని కూడా రాసుకోండి. దాంతో పిల్ల నిద్ర మారిపోతుందని నేను మాటివ్వను, రాసుకుంటే పోయేదైతే ఏమీ లేదు. తీసిన పాలు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. ఈ రెండు నాలుగులు గుర్తుపెట్టుకుంటే చాలు.

సీసాపాలు పట్టే తల్లులు కూడా ఇక్కడున్నారు. మీ రాత్రులు తేలికని నేననను. లేవడం మీకూ తప్పదు, పైగా నీళ్ళు కాచాలి, సీసాలు కడగాలి. ఒక్కటి మాత్రం మీకు కలిసొస్తుంది, ఆ సీసా పట్టుకోవడానికి ఎవరి చెయ్యైనా పనికొస్తుంది. మొహమాటపడకుండా ఆ చేతిని వాడుకోండి.

ఇప్పుడు నేను ఇంతదూరం వచ్చి చెప్పాలనుకున్న విషయం. ఇది బయట చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పెద్దది ఆరు వారాల పిల్లప్పటి మాట. మంచం మీద పక్కలో వేసుకుంటే మీద పడతావు, ప్రమాదం అని ఒకరు గట్టిగా చెప్పారు. భయపడ్డాను. మంచం మీద పాలివ్వడమే మానేశాను. రాత్రి పిల్ల లేస్తే హాల్లోకి వచ్చి, సోఫాలో నిటారుగా కూర్చుని ఇచ్చేదాన్ని. ఆ రోజు అది మూడోసారి లేవడం. చేపు వచ్చింది, పిల్ల గుటకలు వేస్తోంది, ఒళ్ళంతా వదులవుతోంది. ఆ క్షణం పాలిచ్చే ప్రతి తల్లికీ తెలుసు, పాలు దిగుతుంటే నిద్ర కూడా దిగుతుంది. తర్వాత నాకు తెలిసింది టీవీ కింద చిన్న ఎర్ర లైటు. కళ్ళు తెరిచాను, లైటు కనిపిస్తోంది, ఒళ్ళో బరువు లేదు. పిల్ల నా తుంటికీ సోఫా చేతికీ మధ్య సందులోకి జారి ఉంది. ముఖం మెత్త వైపు. లాగి తీశాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఏడ్చింది. గుక్కపట్టి ఏడ్చింది. నేను నేల మీద కూర్చుండిపోయాను. లోపలి నుంచి మా ఆయన "ఏమైంది?" అన్నారు. "ఏం లేదు, ఆకలి" అన్నాను. చెప్పలేదు. మూడేళ్ళు చెప్పలేదు.

(కొద్దిసేపు ఆగి) నేను జాగ్రత్త అనుకుని చేసిన పనే అది. సోఫా, పడక కుర్చీ, వీటిలో బిడ్డతో నిద్రపోవడం అన్నిటికంటే ప్రమాదం. నాకు సగం జాగ్రత్తే చెప్పారు, మిగతా సగం ఎవరూ చెప్పలేదు.

ఆ మిగతా సగం చెప్తాను. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2022లో ఇచ్చిన సూచనల్లో బిడ్డను వేరే పక్క మీద, అదే గదిలో, కనీసం ఆరు నెలలు పడుకోబెట్టమంటుంది. గట్టిగా, చదునుగా ఉండే పక్క. దిండ్లు, బొంతలు, మెత్తటి బొమ్మలు ఏవీ వద్దు. ఎప్పుడూ వెల్లకిలా. వెల్లకిలా అనేదాన్ని తేలిగ్గా తీసుకోకండి. 1990ల మొదట్లో చాలా దేశాల్లో ఈ ఒక్క మాట ప్రచారం చేశారు. అమెరికాలో అది 1994లో మొదలైంది, నిద్రలో ఉన్నట్టుండి ప్రాణం పోయే పసిపిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది. అదే అకాడమీ ఇంకో మాట కూడా చెప్తుంది, అది మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు: పాలిస్తూ నిద్ర పట్టేలా ఉంటే సోఫాకంటే మంచం నయం. మెలకువ రాగానే బిడ్డను తన పక్క మీదికి మార్చండి.

దీనికి ఎదురు వాదం కూడా ఉంది. జేమ్స్ మెకెన్నా అని మానవశాస్త్రవేత్త. తల్లీబిడ్డల్ని లాబ్‌లో పడుకోబెట్టి రాత్రంతా గమనించాడు. పక్కపక్కన పడుకున్నప్పుడు పిల్ల ఎక్కువసార్లు తాగుతుంది, తల్లి మెలకువ, పిల్ల మెలకువ ఒకదాన్నొకటి అనుసరిస్తాయి. ఆయన, గెట్లర్ అనే ఇంకొకాయన కలిసి 2016లో 'బ్రెస్ట్‌స్లీపింగ్' అని ఒక మాటే పుట్టించారు. పాలనిద్ర అందాం. పాలివ్వడం వేరు, నిద్ర వేరు అని విడదీసి కొలవడం కుదరదు అంటారు వాళ్ళు. డాక్టర్లకూ వీళ్ళకూ ఇంకా పడలేదు. నేను ఈ రెంటి మధ్యా తీర్పు చెప్పను. ఇద్దరూ ఒప్పుకునేది చెప్తాను: ఇంట్లో పొగ తాగేవాళ్ళున్నా, పక్కలో మద్యం తాగినవాళ్ళున్నా, మగతనిచ్చే మందులు వేసుకున్నా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువైనా, పక్కలో వేసుకోవద్దు. ఒక్క రాత్రి కూడా వద్దు. ఇవేవీ లేకపోయినా నాలుగు నెలల్లోపు ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇక నా సొంత సలహా: "నేను నిద్రపోను" అని మాత్రం ఎవరూ అనుకోకండి. నిద్రపోతారు. ఎక్కడ నిద్రపోతే బిడ్డకు ముప్పు తక్కువో మేలుకుని ఉన్నప్పుడే ఏర్పాటు చేసుకోండి.

చిన్నవాడి నాటికి అదే చేశాను. నా మంచానికి ఆనించి వాడి మంచం. నా వైపు దిండు ఒకటే, దుప్పటి నా నడుం దాకానే. చీకట్లో చెయ్యి చాపితే అందేంత దూరంలో గుడ్డలు, నీళ్ళ సీసా. పక్కకు తిరిగి పడుకుని పాలిచ్చి, మళ్ళీ వాణ్ణి వాడి పక్క మీద వెల్లకిలా వేసేదాన్ని. లేచేది అన్నిసార్లే, లైటు వేసే పని తప్పింది. పొద్దున లేచాక ఎన్నిసార్లు లేచానో లెక్క చెప్పలేకపోయేదాన్ని. అది నాకు పెద్ద గెలుపు.

రొమ్ములో గడ్డ గురించి కూడా ఒక్క నిమిషం. ఏదో ఒక రాత్రి పిల్ల ఉన్నట్టుండి ఏడు గంటలు పడుకుంటుంది. అందరూ సంతోషిస్తారు. తల్లి మాత్రం రాయిలాంటి రొమ్ముతో, తడిసిన జాకెట్టుతో లేస్తుంది. గడ్డ కట్టి, ఎర్రబడి, జ్వరం రావచ్చు. వెనకటికి ఏం చెప్పేవాళ్ళమంటే వేడి పెట్టండి, గట్టిగా మర్దన చేయండి, పూర్తిగా పిండేయండి అని. నేనూ చెప్పాను, చాలామందికి. 2022లో తల్లిపాల వైద్యుల అకాడమీ ఆ సలహా మార్చింది. లోపల వాపు ఉంది, నలిపితే ఇంకా వాస్తుంది. చల్లటి గుడ్డ పెట్టండి, మామూలుగా ఎన్నిసార్లు ఇస్తారో అన్నిసార్లే ఇవ్వండి, అదనంగా పిండకండి. రోజు గడిచినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నా చేత్తో గట్టిగా నలిపించుకున్న తల్లులకు ఇక్కణ్ణుంచే క్షమాపణ చెప్తున్నాను.

"పిల్ల పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అనే సలహా ఒకటుంది కదా. మొదటి కానుపుకి సరే. రెండో కానుపుకి? చిన్నవాడు పడుకునే టైముకి పెద్దది లేస్తుంది. నేను వాడికి పాలిస్తుంటే, రెండేళ్ళది మంచం పక్కన నిలబడి నా రెండో రొమ్ము వైపు వేలు చూపించి "అది ఎవరిది?" అనేది. (నవ్వులు) మొదటి వారాల్లో చంటివాడికి ముందు, దానికి తర్వాత. ఆ నియమం దానికి నచ్చలేదు. తమ్ముడు తాగుతున్నంతసేపూ నా చెవి తమ్మె పట్టుకుని నలుపుతూ నిలబడేది. ఒకవైపు వాడి గుటకలు, ఒకవైపు చెవి మీద చిన్న వేళ్ళు, ఎక్కడో కుక్కర్ కూత. అప్పుడు ఎవరైనా వచ్చి "నువ్వూ పడుకో" అంటే, ఏ మూల పడుకోను?

పడుకోవాలంటే ఎవరో ఒకరు పెద్దదాన్ని తీసుకెళ్ళాలి. బట్టలు ఉతకడం, గిన్నెలు కడగడం కూడా సాయమే, కాదనను. తల్లికి వరసగా నాలుగు గంటల నిద్ర దొరికేలా చూడటం అన్నిటికంటే పెద్ద సాయం. ముక్కలు ముక్కలుగా పడుకున్న నిద్ర వరస నిద్రకు సాటి రాదు.

ఒక హెచ్చరిక. బిడ్డ పడుకుంది, చూసుకునే మనిషి ఉంది, తలుపు వేసి ఉంది, అయినా మీకు నిద్ర పట్టడం లేదు. కళ్ళు మూస్తే భయం, ఏడుపు. ఇది వేరే సంగతి. 1987లో ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నల పట్టీ ఒకటి తయారైంది, కానుపు తర్వాత వచ్చే కుంగుబాటును కనిపెట్టడానికి. అందులో ఒక ప్రశ్న ఇదే: మనసు బాగోక నిద్ర పట్టడం లేదా అని. బిడ్డ లేపినందుకు పోయిన నిద్ర గురించి కాదు అది అడిగేది. ఇలా ఉంటే అదే అలవాటవుతుందిలే అనుకోకండి, డాక్టర్‌తో చెప్పండి. దీనికి వైద్యం ఉంది, పాలిస్తూ వాడగలిగే మందులు కూడా ఉన్నాయి.

ప్రశ్నలు అడగండి.

(ఒక పెద్దావిడ: రాత్రి సీసాలో కాస్త పిండి కలిపి పడితే బరువుగా ఉండి పడుకుంటారుగా?)

పెద్దమ్మా, మీరు పిల్లల్ని పెంచినవాళ్ళు, మీతో వాదించను. ఆరు నెలల దాకా తల్లిపాలు ఒక్కటే చాలు, ఆ తర్వాత మెత్తటి తిండి పెడుతూ రెండేళ్ళు, ఇంకా పైన కూడా పాలివ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. సీసాలో పిండి కలిపితే పిల్లకు పొరబోయే భయం ఉంది. లేచే పిల్ల ఎలాగూ లేస్తుంది. ఆకలే కాదుగా, తడి, చలి, పక్కన మనిషి లేకపోవడం, అన్నిటికీ లేస్తుంది.

(ఒక తల్లి: మా బాబుకి ఏడాదిన్నర. రాత్రి పాలు మాన్పించాలి. ఎలా?)

ఒక్క రోజులో మాన్పిస్తే మీకూ గడ్డలు, వాడికీ గోల. మొదట ఒక్క మెలకువను ఎంచుకోండి, అర్ధరాత్రిది. ఆ ఒక్కదానికి పాలు బదులు నీళ్ళు, జోకొట్టడం. కుదిరితే ఆ మెలకువకు వాళ్ళ నాన్న వెళ్ళాలి. మీ దగ్గర పాల వాసన వస్తుంటే వాడు రాజీ పడడు. మూడు నాలుగు రాత్రులు ఏడుస్తాడు, ఎత్తుకోండి, పక్కనే ఉండండి. అది కుదిరాక రెండోది. మధ్యలో జ్వరం వస్తే, పళ్ళు వస్తుంటే ఆపేయండి, ఇంకో నెలకు మళ్ళీ మొదలుపెట్టొచ్చు. మా పెద్దదానికి మూడుసార్లు మొదలుపెట్టాను.

(వెనక నుంచి ఒకాయన: మేడం, మాకు పాప పుట్టి ఇరవై రోజులైంది. నేనేం చేయాలో సూటిగా చెప్పండి.)

మంచి ప్రశ్న. ఎంతసేపూ చివరి వరసలో కూర్చున్నారు, అడిగినందుకు సంతోషం. తెల్లవారుజామున అయిదింటికో, ఎప్పుడో ఒకప్పుడు పాప పాలు తాగుతుంది. తాగడం అవగానే మీరు లేచి ఎత్తుకోండి. తేన్పు తెప్పించండి, వీపు మీద నిమరాలి, దబదబా కొట్టక్కర్లేదు. వేరే గదిలోకి తీసుకెళ్ళండి, తలుపు దగ్గరగా వేయండి. మళ్ళీ ఆకలికి ఏడ్చేదాకా పాప మీదే. గంటన్నర రావచ్చు, రెండు గంటలు రావచ్చు. సోఫాలో మాత్రం కునుకు తీయొద్దు, నా కథ విన్నారుగా. డయపర్లు ఎక్కడున్నాయని ఆవిడను లేపి అడక్కండి, ఇవాళ ఇంటికెళ్ళగానే చూసిపెట్టుకోండి.